అట్టా కాదు అయ్యోరా

నిన్న మధ్యాహ్నం అన్నం ముందు కూర్చుని టీవీ పెడితే ఆ సినిమా మళ్ళీ వస్తోంది. ఎన్నోసారో లెక్కపెట్టడం ఎప్పుడో మానేశాను. తెర కింద అక్షరాలు పరుగెడుతున్నాయి: వెట్టి బతుకుల చరిత్రను కళ్ళకు కట్టిన చిత్రం. కట్టిన మాట నిజమే, కట్టింది గంతలు. చరిత్ర పేరు చెప్పి మనవాళ్ళు తీసే సినిమాల్లో దొరకు గుబురు మీసం ఉంటుంది, చేతిలో బారెడు కొరడా ఉంటుంది, పొద్దున లేచింది మొదలు ఆయనకు కొట్టడం తప్ప వేరే పని ఉండదు. వెట్టివాడి ముఖాన మసి ఉంటుంది, చొక్కా సరిగ్గా భుజం దగ్గరే చిరిగి ఉంటుంది, పళ్ళు మాత్రం తళతళా మెరుస్తుంటాయి. ఇంటర్వెల్ అయ్యాక హీరో వస్తాడు. వెట్టి పోతుంది. ఇంత సులువైన పనికి మన పెద్దలకు అన్ని తరాలు ఎందుకు పట్టిందో నాకు అర్థం కాదు.

టీవీ కట్టేశాను. అన్నం సయించలేదు. ఆ సినిమా మొదట్లో వచ్చే పేర్లలో, బాగా చిన్న అక్షరాల్లో, నా పేరు కూడా ఉంది. ఆ పేరు కనిపించినప్పుడల్లా నాకు ఉదయగిరిలో మా పక్కింటి అవ్వ గుర్తొస్తుంది, ఒళ్ళు మండుతుంది. ఎవరి మీద మండుతుందో చెబుతాను.

తొంభైల మొదట్లో నేను ఉదయగిరిలో తెలుగు అయ్యవారిగా చేరాను. మిషన్ కాంపౌండు గోడ పక్కన ఒక గదీ వరండా అద్దెకు తీసుకున్నాను. గోడ అవతల రేకుల ఇంట్లో అవ్వ ఒంటరిగా ఉండేది. డెబ్బైకి దగ్గర పడిన మనిషి. ఆడపిల్లల హాస్టల్లో చాలాకాలం వంట చేసి, చేతకాక మానుకుంది. ఆమె పేరు ఇక్కడ రాయను. ఆమె కూతురు ఉంది, నేను ఈపాటికి ఆ కుటుంబానికి చేసింది చాలు.

అవ్వ కుర్చీలో కూర్చోగా నేను చూసింది జీవితంలో ఒక్కసారే. మా ఇంటికి వస్తే గడపకు పక్కగా, ద్వారబంధానికి వీపు ఆనించి గొంతుక్కూర్చునేది. మంచినీళ్ళు ఇస్తే లేచి నిలబడి తాగేది. ఇంకో అలవాటు నన్ను బాగా విసిగించేది. పిలవకముందే పలికేది. నేను దగ్గినా, కుర్చీ జరిపినా గోడ అవతల నుంచి "ఆఁ, వస్తా ఉండా" అని వినిపించేది.

"అవ్వా, నేను పిలవలేదే" అని అరిచేవాణ్ణి.

"పిలిచినాక పలికితే ఆలస్యమైపోతాది అయ్యోరా" అనేది.

మొదట్లో వయసుతో వచ్చిన చాదస్తం అనుకున్నాను. అది ఆమె ఎనిమిదో ఏట నేర్చుకున్న విద్య అని తర్వాత తెలిసింది. చేజర్ల వైపు ఒక పెద్దింటికి ఆమె అరణం కింద వచ్చిన పిల్ల. పెళ్ళికూతురు అత్తారింటికి పోయేటప్పుడు పుట్టింటివాళ్ళు ఆవునూ దూడనూ ఇత్తడి బిందెలనూ ఇచ్చి పంపినట్టే, కలిగినవాళ్ళు కొందరు ఒక పనిపిల్లను కూడా పంపేవాళ్ళు. పెళ్ళికూతురికి తోడు అనేవాళ్ళు. తోడు పోయిన పిల్ల తిరిగి రాదు. ఆ ఇంట్లోనే పెరుగుతుంది, వాళ్ళు చూపించినవాడిని కట్టుకుంటుంది, వాళ్ళ బిడ్డలను ఎత్తుకు తిరుగుతుంది. అవ్వకు వాళ్ళు చూపించినవాడు ఎద్దుల కొట్టంలో పనిచేసేవాడు. బిడ్డ కడుపులో ఉండగానే విషజ్వరంతో పోయాడు. ఈ సంగతులన్నీ అవ్వ ఒక్కచోట కూర్చుని చెప్పినవి కావు. సినిమాలు చూస్తూ, సినిమాలను తిడుతూ, ముక్కలు ముక్కలుగా చెప్పినవి.

ఆ వీధిలో టీవీ మా ఇంట్లోనే ఉండేది. ఆదివారం సాయంత్రం సినిమా వేస్తే వరండా నిండిపోయేది. దొరా వెట్టివాడూ ఉన్న సినిమా వచ్చిందంటే మాకు సినిమా వినబడేది కాదు, అవ్వ వినబడేది. తెర మీద వెట్టివాణ్ణి స్తంభానికి కట్టి కొడుతుంటే అందరూ ముక్కులు ఎగబీలుస్తూ ఉంటారు. గడప దగ్గర నుంచి గొంతు వస్తుంది:

"అట్టా కాదు అయ్యోరా. పొద్దుగూకులు వాణ్ణి కట్టేసుకుంటే పాలెవరు పిండతారు? పేడెవరు తీస్తారు?"

"అవ్వా, కాసేపు ఊరుకో."

"ఊరుకుంటాలే. ఆ కొరడా ఏంది అంత పొడుగు? ఎద్దుకు కూడా అంత ఉండదే."

వెట్టివాడు గొలుసు తెంచుకుని పరుగెత్తుతాడు. వరండాలో జనం చప్పట్లు కొడతారు. అవ్వ మళ్ళీ మొదలుపెడుతుంది.

"గొలుసెందుకంట? ఇనుము దండగ. మా ఇంటి తలుపు పొద్దుటినుంచి పొద్దుగూకేదాకా తీసే ఉండేది. పోతే యాడికి పోతాం? ఎవురింటికి పోతాం? ఆ మాట చెప్పడే వీడు, పరిగెత్తతా ఉండాడు."

హైస్కూలు డ్రిల్లు మాస్టరు ఒకసారి విసిగిపోయి, "అవ్వా, నీకు తెలిసినంత ఆ డైరెక్టరుకు తెలీదా?" అన్నాడు. అవ్వ ఏమాత్రం తగ్గకుండా, "తెలిస్తే ఇట్టెందుకు తీస్తాడు నాయనా" అంది. నిజం చెప్పొద్దూ, ఆ రోజుల్లో నాకూ ఆమె మీద కోపం వచ్చేది. వారానికొక్క సినిమా, అదీ చూడనివ్వదు.

ఒకసారి మిషన్ కాంపౌండుకు ఎవరో చుట్టం వచ్చి, కలిగిరి నుంచి వీడియో తెప్పించి, హాస్టలు పిల్లలకు ఒక ఇంగ్లీషు సినిమా వేశారు. నల్లవాళ్ళను ఓడల్లో తెచ్చి పత్తి చేలల్లో పని చేయించిన కథ. నేను పక్కన నిలబడి తెలుగులో చెబుతున్నాను. అవ్వ కూడా వచ్చి కూర్చుంది. ఓడ చూసింది, మనుషులను అమ్మే సంత చూసింది, కొట్టడం చూసింది. అవ్వ నోరు మెదపలేదు. భయపడిందేమో అనుకున్నాను. తర్వాత దొరలు పెద్ద బల్ల చుట్టూ కూర్చుని భోజనం చేసే దృశ్యం వచ్చింది. గోడ పక్కన ఒక నల్లపిల్ల కూజా పట్టుకుని నిలబడి ఉంది. కెమెరా ఆ పిల్లను దాటి దొరగారి ముఖం మీదికి పోయింది.

"ఆ పిల్లను చూపించమనయ్యా" అంది అవ్వ గట్టిగా.

"ఆ పిల్లకు కథలో ఏమీ లేదవ్వా."

"ఏందీ లేనిది? వాళ్ళ కూడు అయిందాకా అది నిలబడాల. కుడికాలి మీద నిలబడుండాదా ఎడమకాలి మీద నిలబడుండాదా? ఎప్పుడు మార్చుకుంటాది? వాళ్ళు నవ్వేటప్పుడు మార్చుకోవాల, అప్పుడైతే చూడరు. అది చూపించరేం?"

హాస్టలు పిల్లలు నవ్వారు. నేను నవ్వలేదు. ఆ రోజు నుంచి ఆమె మాటలు ఒక నోటుబుక్కులో రాసుకోవడం మొదలుపెట్టాను. పత్రికల్లో నావి రెండు మూడు కథలు వచ్చి ఉన్నాయి. సినిమాకు మాటలు రాయాలని పిచ్చి ఉండేది. ఆ పిచ్చి అవ్వకు తెలుసు.

ఇక కూతురి సంగతి. ఆమె ఆత్మకూరులో నర్సు. నలభై ఏడెనిమిదేళ్ళ మనిషి. నెలకొకసారి ఆదివారం చర్చిలో ప్రార్థన అయ్యాక వచ్చేది. తల్లికి మాత్రలు, బన్నులు, సబ్బులు తెచ్చి వరసగా పెట్టేది. వేసుకుంటా ఉండావా, మోకాళ్ళు ఎట్టుండాయి, ఈసారి కాఫీ తగ్గించు. ఆసుపత్రిలో మంచం పక్కన నిలబడి అడిగినట్టే అడిగేది. చెడ్డ మనిషి కాదు, ఒక్క నెల తప్పలేదు. నడుము దాటే జడ ఉండేది ఆమెకు, ఆ వయసులో కూడా. ఆ జడ మీద తల్లి చెయ్యి పడనిచ్చేది కాదు. ఒకసారి నా ఎదుటే, తలలో ఏదో దూది పోగు ఉంటే తీయబోయింది అవ్వ. కూతురు ఈగ వాలినట్టు తల పక్కకు లాగేసుకుంది. అవ్వ చెయ్యి కాసేపు గాలిలో ఉండి కొంగులోకి పోయింది.

ఎందుకమ్మా అని నేనే అడిగాను, బస్టాండు దాకా తోడు పోతూ. ఆమె దాచలేదు.

"చిన్నప్పుడు రెండేళ్ళు నాకు తల మీద ఎంటిక లేదు సార్. ఆ ఇంటి పిల్లకాయలకు పేలు ఎక్కతాయని మా అమ్మ నాకు గుండు గీసేది. వచ్చేటప్పటికి మళ్ళీ, వచ్చేటప్పటికి మళ్ళీ. ఆ పిల్లకాయలంతా నా నెత్తిన మొట్టికాయలు కొట్టి ఆడుకునేవాళ్ళు. ఆ ఇంటి పెద్దమ్మ మెప్పు కోసరం కన్నబిడ్డ తల గొరిగిన తల్లి మా అమ్మ. అన్నం పెట్టమంటే పెడతా, మందులు తెమ్మంటే తెస్తా. తల మాత్రం ముట్టుకోనీను."

అదీ సంగతి. అవ్వను అడిగితే ముఖం తిప్పుకుని, "దానికి తెలీదులే" అని ఊరుకుంది.

ఆ తర్వాత ఏడాదికో ఏమో ఉదయగిరికి సినిమావాళ్ళు వచ్చారు. కొండ కింద పాతకోట గోడలు కావాలట, వెట్టి చాకిరి మీద సినిమా అట. బంగళాలో దిగారు. జీపుల్లో తిరుగుతున్నారు. ఊరంతా పనులు మానుకుని వాళ్ళ వెనకే. దర్శకుడికి ఈ ప్రాంతం యాస చెప్పే మనిషి కావాలంటే ఎవరో నా పేరు చెప్పారు. నేను నేల మీద నడవలేదు ఆ రోజు. నోటుబుక్కు చంకన పెట్టుకుని పోయి, మా పక్కింట్లో ఇట్లా ఒక అవ్వ ఉంది, అసలైన చరిత్ర ఆమె దగ్గర ఉంది అని చెప్పాను. దర్శకుడు అవ్వ ఇంటికి వచ్చాడు. అవ్వ ఆయనకు మజ్జిగ ఇచ్చి, మాకేం కతలు లేవు పోండయ్యా అని పంపేసింది. నా పరువు పోయింది. రెండు రోజులు ఆమెతో మాట్లాడలేదు.

మూడోరోజు పొద్దున్నే తనే వచ్చింది. గడప దగ్గర కూర్చుంది.

"అయ్యోరా, ఆ సినిమా ఆత్మకూరులో ఆడతాదా?"

"ఆడుతుంది. ఎందుకు ఆడదు?"

"మా పాప సినిమాలు వదలకుండా చూస్తాది. ఇదీ చూస్తాది గదా?"

"చూస్తుంది."

"అయితే చెప్తా. ఒక్క సంగతి చెప్తా, అది మాత్రం ఉండాల. తతిమ్మావి మీ ఇష్టం, ఎగిరించుకోండి దూకించుకోండి."

అప్పుడు చెప్పింది. నేను రాసుకున్నది రాసుకున్నట్టు ఇక్కడ పెడుతున్నాను.

"నేను ఎవురికి తోడొచ్చినానో ఆ పెద్దమ్మ కూతురికి పెళ్ళి చేసినారు, జలదంకి పక్క సమ్మందం. బండెక్కే ముందురోజు నన్ను పిలిచి, నీ బిడ్డను నా బిడ్డతో పంపతా ఉండా, దాని గుడ్డలు మూటగట్టు అనింది. అడగలా, చెప్పింది. నన్ను పంపినట్టే దాన్నీ. ఊ అన్నా. ఆ ఇంట్లో ఊ తప్ప ఇంకో మాట రాదు నాకు. కోడి కూసినాక మంగలాయన పెళ్ళాం, మంత్రసాని, ఆమె దగ్గిరికి పోయి, అమ్మా మీ ఆయన కత్తి ఒకటి ఇయ్యి అన్నా. మంగలాయన్ని అడిగితే పెద్దింటికి చెప్తాడు. ఆమె ఎందుకని అడగలా. నా మొకం చూసింది, పాత కత్తి ఒకటి ఇచ్చింది. కొట్టంలో దాన్ని మోకాళ్ళ మజ్జెన పట్టుకోని గొరిగినా. నాకు చేతగాలా, రెండు తావుల తెగింది. ఎందుకమా ఎందుకమా అని ఏడిచింది. చెప్తే చిన్నపిల్ల, ఎవురితోనన్నా అనేస్తాది. మొక్కు అన్నా. బండెక్కే యాళకు మూటతో పాటు తీసకపోయి పెళ్ళికూతురికి ఎదురుగా నిలబెట్టినా. మగపెళ్ళోళ్ళ ముసలామె చూసి, శుభమా అని పోతా ఉంటే ఈ బోడిగుండేంది ఎదురు, దీన్ని ఎక్కిస్తే మేం ఎక్కం అనింది. పెద్దమ్మ నా చెంప మీద ఒకటిచ్చింది. ఆ ఇంట్లో నేను తిన్న దెబ్బ అదొక్కటే అయ్యోరా. తియ్యంగా ఉండింది."

అక్కడ ఆగి నవ్వింది. ఆమె నవ్వగా నేను చూడటం తక్కువ.

"జుట్టు పెరిగినాక పంపిద్దాం అన్నారు. అంగుళం పెరిగితే గొరిగేదాన్ని. ఒకసారి పేలన్నా, ఒకసారి పుండ్లన్నా, ఇంకోసారి సామి కల్లోకి వచ్చినాడన్నా. తొమ్మిదిసార్లు. ఊర్లోకి బైబిలు చెప్పే అమ్మగారు వస్తే, దీన్ని బోర్డింగులో చేర్చుకోమ్మా అని కాళ్ళకు మొక్కినా. ఆ బోడిది నాకెందుకు, పోతే పోనీ అనింది పెద్దమ్మ. అట్టా బయటపడింది నా బిడ్డ."

"ఈ మాట కూతురికి చెప్పొచ్చు కదవ్వా?" అన్నాను.

"చెప్పినా ఒకసారి, అది ఉద్యోగంలో చేరినాక. ఇప్పుడు అల్లినావా అనింది. నేను చెప్తే కత అంటాది, అదే సినిమాలో చూస్తే నిజమనుకుంటాది. అందుకే అడగతా ఉండా. తల్లే గొరగాల అయ్యోరా. ఎందుకు గొరిగిందో తెలియాల. అంతే."

మాటిచ్చాను. ఆమె చెయ్యి పట్టుకుని మాటిచ్చాను.

దర్శకుడు విని లేచి నిలబడ్డాడు. బ్రహ్మాండం అన్నాడు, ఒళ్ళు జలదరించింది అన్నాడు. నాలుగు రోజుల తర్వాత బంగళాకు పిలిపించాడు.

"మాస్టారూ, గుండు సీన్ ఉంచుతున్నాం. చిన్న మార్పు. తల్లే కూతురికి గుండు గీస్తే ఆడియన్స్ తల్లిని తిట్టుకుంటారు. ఎందుకు గీసిందో చెప్పాలంటే ఇంకో రెండు సీన్లు తినేస్తుంది. అదే దొర మనుషులు గీశారనుకోండి, ఒక్క షాట్‌లో ఏడుపు. హీరో రావడానికి దారి కూడా దొరుకుతుంది."

"ఆమెకు మాటిచ్చాను సార్" అన్నాను.

"ఆమె పడిన బాధే కదండీ మనం చూపిస్తున్నాం?"

"బాధ కాదు సార్, అది ఆమె చేసిన పని." ఈ మాట నేను అన్నాను. అన్నానని గుర్తుంచుకుని చాలాకాలం నన్ను నేను ఓదార్చుకున్నాను. కానీ ఆయన నా భుజం మీద చెయ్యి వేసి, "టైటిల్స్‌లో మీ పేరు వేస్తున్నాం, మాటల సహకారం అని. ఆ తల్లి డైలాగు మీరే రాయండి, ఈ యాస మీకే వచ్చు" అన్నాడు. గంగిరెద్దులా తలూపాను. ఊపి ఊరుకోలేదు, రాశాను. నా బిడ్డను వదలండయ్యా, మీ కాళ్ళకు దండం పెడతానయ్యా అని నాలుగు ముక్కలు. ఆ దృశ్యం హైదరాబాదులో సెట్టు వేసి తీశారు కాబట్టి అవ్వకు తెలిసే అవకాశం లేదు. అవ్వ రోజూ అడిగేది, తీసినారా అయ్యోరా అని. తీశారవ్వా అనేవాణ్ణి. అబద్ధం కాదు కదా.

అడుసు తొక్కనేల కాలు కడగనేల అంటారు. నేను తొక్కిందీ నేనే, కడుక్కోకుండా ఆత్మకూరు సినిమాహాలుకు నడిచిందీ నేనే. ఎడిటింగులో పోయి ఉంటుందిలే అని ఒక ఆశ. మ్యాట్నీకి పోయాం. అవ్వ కొత్త చీర కట్టింది. కూతురు సెలవు పెట్టి వచ్చింది. అవ్వ నేల టికెట్టు చాలంటుంటే కూతురు వినకుండా కుర్చీ టికెట్లు తీయించింది. అవ్వ కుర్చీలో కూర్చోగా చూసిన ఒక్కసారీ అదే. చివరంచున, ఎవరైనా లేవమంటారేమో అన్నట్టు కూర్చుంది.

దృశ్యం వచ్చింది. నలుగురు మనుషులు పిల్లను పట్టుకున్నారు. కత్తి తళుక్కుమంది. తల్లి వేషం వేసినామె నేల మీద పొర్లుతూ నా డైలాగు చెప్పింది. హాలంతా ముక్కు చీదింది. తర్వాత హీరో వచ్చాడు, ఈలలు. నేను తెర వైపు చూడలేదు, అవ్వ వైపు చూశాను. అవ్వ కూడా తెర వైపు చూడటం లేదు. కూతురిని చూస్తోంది. కూతురు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడుస్తోంది.

బయటికి వచ్చాక సోడా బండి దగ్గర నిలబడ్డాం. కూతురి కళ్ళు ఇంకా ఎర్రగానే ఉన్నాయి. తల్లితో కాదు, నాతో అంది.

"చూసినారా సార్, ఆ తల్లి వాళ్ళ కాళ్ళు పట్టుకునింది, నా బిడ్డను వదలండి అని. మా అమ్మ అయితే నా తల పట్టుకునింది."

అవ్వ నా వైపు ఒక్కసారి చూసింది. ఆ ఒక్క చూపులో ఆమె అడగాల్సింది అంతా ఉంది. నేను నోరు తెరవాల్సింది అప్పుడే. సోడా బండి పక్కన, ఆ ఎండలో, అమ్మా నీ తల్లి చెప్పింది ఇది కాదు అంటే అయిపోయేది. అంటే, మరి ఇది ఎవరు రాశారని అడుగుతుంది. సోడా తాగి సీసా బండి మీద పెట్టాను.

"బస్సు ఎన్ని గంటలకు అయ్యోరా?" అంది అవ్వ.

బస్సులో సీటు దొరికినా కూర్చోలేదు, ఉదయగిరి దాకా కమ్మీ పట్టుకుని నిలబడే వచ్చింది. దిగేటప్పుడు మాత్రం అడిగింది, "నీ పేరు పడిందా అయ్యోరా తెర మీద?" వెటకారం కాదు. ఆమెకు చదువు రాదు, తెలుసుకోవాలని అడిగింది. పడిందవ్వా అన్నాను. "పోనీలే" అంది.

ఆ తర్వాత కూడా ఆదివారాలు సినిమాకు వచ్చేది. అదే గడప దగ్గర అట్లాగే కూర్చునేది. కొరడాలు ఆడేవి, గొలుసులు తెగేవి, అవ్వ నోరు విప్పేది కాదు. వరండాలో జనానికి హాయిగా ఉంది. నాకు పిచ్చెక్కేది. ఒకరోజు పట్టలేక నేనే అరిచాను, "అవ్వా, చెప్పవేం? అట్టా కాదు కదా?"

"ఏమో అయ్యోరా. అట్టనే ఉంటాదేమో. అంతమంది చూస్తా ఉండారు గదా" అంది.

ఇన్నేళ్ళలో నన్ను అంత కొట్టిన మాట ఇంకొకటి లేదు. కొరడా గొప్పదని సినిమావాళ్ళు అనుకుంటారు, వాళ్ళ మొహం.

రెండేళ్ళకు, ఎండాకాలంలో, అవ్వ పోయింది. కాంపౌండు వెనక సమాధుల తోటలో పెట్టారు. పాటలు పాడి, ప్రార్థన చేసి, అందరూ సాయంత్రానికి వెళ్ళిపోయారు. కూతురు రేకుల ఇంట్లో కూర్చుని తల్లి చీరలు తీసి మడతపెడుతోంది. నేను పోయి, గడప దగ్గర నిలబడి, మొత్తం చెప్పాను. అరణం సంగతి, మంత్రసాని కత్తి, బండి ముందు బోడిగుండు, చెంపదెబ్బ, తొమ్మిదిసార్లు. అవ్వ నా చేత మాట తీసుకున్న సంగతి చెప్పాను. ఆ నాలుగు ముక్కల డైలాగు ఎవరు రాశారో కూడా చెప్పాను. నోటుబుక్కు ఆమె ముందు పెట్టాను.

ఆమె నోటుబుక్కు ముట్టుకోలేదు. చేతిలో చీర పూర్తిగా మడతపెట్టి పక్కన పెట్టింది. ఎడం చెయ్యి తల వెనక్కి పోయి జడ మొదలు పట్టుకుంది, అట్లా పట్టుకునే ఉంది.

"ఈ మాట మా అమ్మ ఒకసారి నాకు చెప్పింది సార్. నేను నమ్మలా" అంది.

"తెలుసమ్మా."

"మీరు సినిమాలో చూపించి ఉంటే నమ్మేదాన్ని. ఆ రోజు హాల్లోనే నమ్మేదాన్ని. పక్క కుర్చీలోనే ఉండింది గదా ఆమె."

ఆమె ఇంకో చీర తీసుకుంది. నా వైపు చూడకుండానే, పేషెంటు సంగతి చెప్పినంత మామూలుగా అంది:

"మా అమ్మ నన్ను సరిగ్గానే అంచనా వేసింది సార్. మిమ్మల్నే తప్పుగా వేసింది."